పిలుపు, గృహనిర్వాహకత్వము: రాయవేలూరు స్త్రీవైద్యవిద్యాలయ చరిత్రపై ఒక పరిశీలన

తెలుగు క్రైస్తవుల వాడుకలో 'పిలుపు' అను మాటకు సాధారణార్థముకంటె వేఱైన యొక బరువు కలదు. పేరంటపు పిలుపు, పెండ్లి పిలుపు మనమెఱిగినవే. ఒకరు గడపలోనికి వచ్చి బొట్టుపెట్టి పిలుతురు. పోవుటయు మానుటయు పిలువబడినవారి యిష్టము. బైబిలు తెనిగింపు మూలమున నీ మాటకు, జీవితమంతయు నొక పనికి సమర్పింపుమని దైవము చేయు ఆహ్వానమను అర్థము వచ్చి చేరినది. దానితోపాటు క్రైస్తవుల నోట నలిగిన మాటలు మఱి రెండు గలవు: 'పరిచర్య', 'గృహనిర్వాహకత్వము'. మొదటిది మనకు పాతమాటయే. రెండవది మాత్రము గమనింపదగినది. ఇల్లు తనది కాదు. ఇంటిలోని ధనధాన్యములును తనవి కావు. యజమాని తనకప్పగించినదానిని నడపి, అడిగిననాడు లెక్క యొప్పజెప్పవలసినవాడు గృహనిర్వాహకుడు. అధికారమును అస్వామ్యమును ఒక్కచోట గూర్చిన మాట యిది.

క్రైస్తవవిశ్వాసము ఒక స్త్రీ చేపట్టిన వృత్తిని, ఆ వృత్తిలో ఆమె వహించిన నాయకత్వమును ఎట్లు తీర్చినది అను ప్రశ్నకు సమాధానము వెదకువారు సాధారణముగా మొదటిమాటయగు పిలుపుకడనే ఆగిపోవుచున్నారు. మిషను స్త్రీల జీవితచరిత్రలలో అధికభాగము భక్తులకొఱకు వ్రాయబడినవి. వానిలో పిలుపు వినబడిన రాత్రి విపులముగా వర్ణింపబడును. ఆపై నలువదియేండ్ల కార్యనిర్వహణము ఆ రాత్రియొక్క ఫలశ్రుతివలె సాగిపోవును. జీతములు, నియామకములు, ప్రభుత్వపు టుత్తరువులు, దాతలతోడి తగవులు, పదవీవిరమణము మొదలైనవి మూలబడును. నాయకత్వమునకు నిజమైన సాక్ష్యము ఈ మూలబడిన భాగముననే యున్నదని మా యభిప్రాయము. ఇందులకు రాయవేలూరు వైద్యకళాశాల చరిత్రను ఉదాహరణముగా గైకొనుచున్నాము. దానిని స్థాపించినది అమెరికా మిషనుకు చెందిన డాక్టరు ఐడా స్కడ్డరు. దానికి మొదటి భారతీయ అధిపతి మన విశాఖపట్టణపు టాడుబిడ్డ డాక్టరు హిల్డా లాజరసు.

వేలూరును తెలుగువారు పరాయియూరుగా ఎన్నడును ఎంచలేదు. 1911లో చిత్తూరుజిల్లా యేర్పడువఱకు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి ప్రాంతములు ఉత్తరార్కాడుజిల్లాలోనివే. చిత్తూరే ఆ జిల్లాకు ముఖ్యస్థానము. స్కడ్డరు వంశమువారు పనిచేసిన ఆర్కాటు మిషనుకు మదనపల్లెవంటి తెలుగు కేంద్రములు గలవు. నేటికిని రాయలసీమవారు పెద్దజబ్బు చేసినచో 'వేలూరికి పోవుట' యనియే చెప్పుకొందురు.

ఐడా స్కడ్డరు 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించెను. తాతయగు జాన్ స్కడ్డరు 1819లో సింహళమునకు వచ్చిన వైద్యమిషనరీ, తండ్రియు వైద్యుడే. ఆమె బాల్యముననే 1876-78 నాటి దక్షిణదేశపు మహాక్షామము వచ్చినది. ఆకలిగొన్న పిల్లలకు రొట్టెముక్కలు తినిపించిన జ్ఞాపకము ఆమెను వీడలేదు. అమెరికాలో చదువుకొనుచున్న కాలమున, తాను మిషనరీని కానేకానని ఆమె నిశ్చయించుకొన్నది. తల్లికి జబ్బుచేయుటచే 1890లో తిండివనమునకు వచ్చినను, తిరిగిపోవు తలంపుతోడనే యుండెను.

ఆమెకు పిలుపు వచ్చినది అక్కడనే. ఆ యుదంతము సుప్రసిద్ధము. ఒకరాత్రి యొక బ్రాహ్మణుడు వచ్చి తన భార్యకు కాన్పు కష్టమైనదనియు, సాయము చేయుమనియు వేడెను. వైద్యుడు తన తండ్రిగాని తాను గాదని ఆమె చెప్పగా, పరపురుషుని లోనికి రానీయమని అతడు మఱలిపోయెను. ఆ రాత్రియే ఒక మహమ్మదీయుడును, తర్వాత మఱియొక హిందువును అదే ప్రార్థనతో వచ్చి, అదే జవాబు విని పోయిరి. తెల్లవాఱునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి.

ఈ కథను ఐడా స్వయముగా అనేకసభలలో, ముఖ్యముగా ధనసంపాదనకై చేసిన యుపన్యాసములలో, చెప్పియున్నది. అనేకపర్యాయములు చెప్పబడిన కథ నునుపుదేఱుట సహజము. అయినను దానిని కల్పనయని త్రోసివేయుటకు మాకు కారణము కానరాదు. ఘోషాయును, మంత్రసానికి చేతగాని కాన్పులును, ఆనాటి యిండ్లలో నిత్యవిషయములు. మేము గమనింపగోరునది మఱొకటి. గడపకు వచ్చిన ఆ మువ్వురును మతమును అడుగలేదు, అమెరికాను అడుగలేదు. వైద్యము తెలిసిన ఆడుదానిని అడిగిరి. పిలుపును దైవమునుండి వచ్చినదిగా ఆమె గ్రహించెను గాని, స్త్రీలకు స్త్రీలే వైద్యము చేయవలెనను నియమము మాత్రము ఈ దేశపు టాచారమునుండి వచ్చినది. విశ్వాసము వేఱు, నియమము వేఱు. అర్ధశతాబ్దము తర్వాత ఈ భేదమే ఆమెకు పరీక్షయైనది.

ఐడా 1895లో ఫిలడెల్ఫియాలోని స్త్రీవైద్యకళాశాలలో చేరి, కార్నెల్ విశ్వవిద్యాలయము స్త్రీలను చేర్చుకొనుట ప్రారంభింపగా అక్కడికి మాఱి, 1899లో పట్టభద్రురాలయ్యెను. ఆసుపత్రి కొఱకు షెల్ అను వృద్ధధనికుడు, గతించిన తన భార్య పేర పదివేల డాలర్లిచ్చెను. 1900 జనవరిలో ఆమె భారతదేశమునకు మఱలివచ్చినది. కొలదినెలలకే తండ్రి మరణించెను. అనుభవములేని యువతియొద్దకు రోగులు వెంటనే రాలేదు. మిషను బంగళాలోని చిన్నగదియే వైద్యశాలగా పని మొదలైనది. వంటవాని భార్యయగు సలోమి ఆమెకు తొలి సహాయకురాలు. మందులు పొట్లముకట్టుట మొదలు కట్లుకట్టుటవఱకు సలోమికి ఐడాయే నేర్పెను. ఇది చిన్నవిషయముగా తోపవచ్చును గాని తర్వాతి చరిత్రకు బీజ మిందున్నది. పరదేశమునుండి నర్సులు వచ్చువఱకు ఆగక, కంటియెదుట నున్న మనిషికే పని నేర్పుట ఆమె పద్ధతి. 1902లో నలువది పడకలతో షెల్ ఆసుపత్రి తెఱవబడెను; 1909లో నర్సుల పాఠశాల వెలసెను. పల్లెలకు పోవు బాటలప్రక్క చెట్లక్రింద ఆగి వైద్యముచేయు ఏర్పాటును ఆమెయే ప్రారంభించినది. ఊరివారు దగ్గఱకు రానీయని కుష్ఠురోగులకును ఆ చెట్లనీడను చోటు దొరకెను.

స్త్రీల వైద్యపాఠశాల 1918 ఆగస్టులో మదరాసు గవర్నరు పెంట్లండు ప్రభువుచే ప్రారంభింపబడెను. అది ఎల్.ఎం.పి. చదువు. ఆడుపిల్లలు చేరుదురా యని పెద్దయధికారులు సందేహించిరి, చేరిరి. చేరినను ఉత్తీర్ణులగుదురా యని సందేహించిరి. పురుషులలో అనేకులు తప్పుచుండిన మొదటి పరీక్షలో వేలూరినుండి కూర్చున్నవారందఱు నెగ్గిరి. 1922లో తొలితరగతి పదునలుగురు పట్టములందుకొనిరి.

ఇక్కడ ఆమె కార్యవిధానమును గూర్చి కొంత చెప్పవలెను. శస్త్రచికిత్సకు ముందు ప్రార్థన చేయుట, ఆదివారము విద్యార్థినులకు బైబిలు పాఠము చెప్పుట ఆమెకు నియమములు. కళాశాల ముద్రావాక్యముగా గ్రహింపబడినది, సేవలందుకొనుటకు గాక సేవచేయుటకే వచ్చితినను క్రీస్తు పలుకుయొక్క భావము. పరిచర్య యను మాటకు ఆసుపత్రిలో స్పష్టమైన యర్థముండెను: పెద్దడాక్టరైనను రోగికి నీరందించుటకు వెనుదీయరాదు. విద్యార్థినులు, సహోద్యోగులు ఆమెను 'ఐడా ఆంటీ' యనిరి. పినతల్లియో మేనత్తయో ఐన యొక వ్యక్తి సంస్థకు తలయైనప్పుడు లాభమెంతయో యిబ్బందియు నంత. ఆంటీ మాట కడ్డు లేదు. ఆమె యెవరిని పొమ్మన్నను రమ్మన్నను కుటుంబమునందువలెనే చెల్లును. వ్రాతలోని నిబంధనలకంటె వ్యక్తియొక్క వాత్సల్యమే అక్కడ పాలించినది. భక్తులగు చరిత్రకారులు దీనిని కేవలగుణముగా వర్ణింతురు. అది గుణమే, కాని వ్యక్తికి వార్ధక్యము వచ్చుననియు సంస్థ బ్రతుకవలసియుండుననియు తలంచినప్పుడు దానిలోని లోపముకూడ కనబడును.

ఈ లోపము 1938 ప్రాంతమున బయటపడెను. మదరాసు ప్రభుత్వము ఎల్.ఎం.పి. చదువును తొలగించి, వైద్యవిద్య విశ్వవిద్యాలయపు ఎం.బి.బి.ఎస్. స్థాయికి పెరుగవలెనని నిర్ణయించినది. ఉత్తరువులో అన్యాయమేమియు లేదు. తక్కువచదువు డాక్టర్లు, ఎక్కువచదువు డాక్టర్లు అను తరగతిభేదము తొలగవలసినదే. కాని వేలూరున నున్నత పట్టములుగల ఆచార్యులు చాలరు, పడకలు చాలవు, ప్రయోగశాలలు చాలవు, ధనము చాలదు. సంస్థకు ప్రాణమైన వ్యక్తికి అరువది యేడెనిమిదేండ్లు. కళాశాలను మూయుటయో, ఎంతయో పెంచుటయో తప్ప మూడవమార్గము లేదు.

పెంచుటకు ధనము కావలెను. ధనము అమెరికాలోని స్త్రీల మిషనుసంఘములది. మఱియొకవైపున, దేశమందలి ప్రొటెస్టెంటు సంఘములు ఒక సమష్టి క్రైస్తవ వైద్యకళాశాలకై చాలకాలముగా ఆలోచించుచుండినవి. వారు వేలూరును బలపఱుపగలరు. కాని వారి కళాశాలలో పురుషులకును స్థానముండవలెను. ఇదియే చిక్కు.

పురుషులను చేర్చుకొనరాదని గట్టిగా వాదించినవారిలో ప్రధాన లూసీ పీబాడీ. ఈమె తెలుగువారికి కొంత సంబంధము గలది. 1881లో తన మొదటి భర్త వాటర్‌బరీతో మదరాసునకు వచ్చి, అమెరికను బాప్టిస్టువారి తెలుగు మిషనులో పనిచేసి, 1886లో అతడు మరణింపగా స్వదేశమునకు మఱలెను. ఆపై స్త్రీల మిషనుసంఘములకు నాయకురాలై, 1920 తర్వాత తూర్పుదేశములందలి స్త్రీకళాశాలల కొఱకు లక్షలకొలది డాలర్లు కూర్చినది. రాక్‌ఫెల్లరు నిధివారు పదిలక్షల డాలర్లిత్తుము, మీరు ఇరువదిలక్షలు కూర్పుడు అని విధించిన షరతును నెఱవేర్చినవారిలో ఈమె ముఖ్యురాలు. వేలూరి భవనములలో ఆ ధనమున్నది. ఇల్లిల్లు తిరిగి స్త్రీలు కూర్చిన చిన్నచిన్న మొత్తములుకూడ అందున్నవి.

పీబాడీ వాదమును మొండిపట్టుగా చిత్రించుట తఱచు. మేము దాని నంగీకరింపజాలము. స్త్రీలు స్త్రీలకై యిచ్చిన ధనము అన్యోద్దేశమునకు పోరాదనునది ధర్మమైన వాదము. పురుషులు చేరినపిమ్మట ఆచార్యపదవులు, అధిపత్యము క్రమముగా వారివే యగునను భయమును నిరాధారము కాదు. స్త్రీలు తమ చేతులతో నిర్మించుకొన్న సంస్థలు పురుషసంస్థలతో కలిసిపోయి వారి యధికారమునకు లోబడుట అమెరికాలో మిషనుసంఘముల విషయముననే ఆమె కండ్లజూచినది. అప్పగింపబడినదానిని చెక్కుచెదరకుండ కాపాడుట గృహనిర్వాహకుని ధర్మమైనచో, పీబాడీ గృహనిర్వాహకురాలే.

మఱి ఐడా? ఆమె మొదట పీబాడీ పక్షమునకే మొగ్గినది. స్త్రీలకొఱకు స్త్రీల సంస్థ తన జీవితకార్యము; పీబాడీ తన చిరకాలస్నేహితురాలు; ధనము ఆ స్నేహముమీద వచ్చినది. యుద్ధదినములలో, డెబ్బదియేండ్లు పైబడిన వయస్సున, ఆమె అమెరికా యంతయు తిరిగి విరాళములెత్తవలసివచ్చెను. ఆ కాలముననే ఆమె మనస్సు మాఱినది. స్త్రీపురుషులిరువురకు చదువుచెప్పు కళాశాలకు ఆమె అంగీకరించెను. స్నేహము చెడినది. పాతదాతలలో కొందఱు దూరమైరి.

ఈ నిర్ణయమును సౌకర్యమునకు చేసిన రాజీ యని యొకవిధముగా చెప్పవచ్చును. అంగీకరింపనిచో కళాశాల మూతపడెడిదే. కాని రాజీ యని ఊరకుండుట చాలదని తోచుచున్నది. బైబిలులో గృహనిర్వాహకుని ప్రక్కనే తలాంతుల కథ యొకటి కలదు. అప్పగించిన సొమ్మును భూమిలో పాతి, ఉన్నదున్నట్లు తిరిగి యిచ్చిన సేవకుడు అందు నిందింపబడెను. కాపాడుటయు పెంచుటయు రెండును గృహనిర్వాహకత్వమే. రెండును ఒక్కసారి సాధ్యపడనప్పుడు దేనిని వదలవలెను అనునది ప్రశ్న. ఆ స్త్రీలిరువురు ఒకే గ్రంథమును చదివినవారు, ఒకే మాటచే కట్టువడినవారు, భిన్నమార్గములు త్రొక్కిరి. కాబట్టి విశ్వాసము నాయకత్వమును తీర్చునని చెప్పినంతమాత్రమున, విశ్వాసము నిర్ణయమును చేతికిచ్చునని యర్థము కాదు. అది యే లెక్క యెవరికి చెప్పవలెనను ప్రశ్నను చేతికిచ్చును. పీబాడీ దాతలకు లెక్క చెప్పదలచినది. ఐడా తిండివనపు గడపకు లెక్క చెప్పదలచినది. ఆ గడపకు వచ్చినవారికి ఆడుడాక్టరు కావలసివచ్చిన కారణము ఇప్పుడు కొంత సడలినది. డాక్టరు కావలసినవారి సంఖ్య మాత్రము తగ్గలేదు.

1942లో ఎం.బి.బి.ఎస్. తరగతులు ప్రారంభమైనవి. కుష్ఠువైద్యమున ప్రసిద్ధుడగు డాక్టరు కాక్రేను అధిపతిగా వచ్చి విశ్వవిద్యాలయపు నిబంధనలకు తగిన యేర్పాట్లు చేసెను. 1946లో ఐడా పదవినుండి తొలగినది. 1947లో పదిమంది యువకులు తొలిసారి తరగతిలో చేరిరి.

ఆ యేడాదియే హిల్డా లాజరసు వేలూరికి వచ్చినది. ఈమె 1890లో విశాఖపట్టణమున క్రైస్తవకుటుంబములో జన్మించినది. తండ్రి దానియేలు లాజరసు ఆ యూర పేరుపొందిన విద్యావేత్త. మదరాసులో వైద్యవిద్య ముగించి, విదేశములందు ప్రసూతిశాస్త్రమున ఉన్నతశిక్షణమునంది, 1917లో స్త్రీవైద్యసేవాశాఖలో చేరెను. ఆ శాఖలో ప్రవేశించిన తొలి భారతీయస్త్రీ యీమెయే. ఢిల్లీలోని లేడీహార్డింజి కళాశాలలోను, వివిధనగరములందలి ఆసుపత్రులలోను ముప్పదియేండ్లు పనిచేసి, తుదకు ఆ శాఖకు ప్రధానాధికారిణి యయ్యెను. 1929లో వెలువడిన యొక వ్యాససంపుటమున భారతీయస్త్రీల వైద్యవృత్తిని గూర్చి ఆమె వ్రాసిన వ్యాసము కలదు.

ఈ ముప్పదియేండ్లు ప్రభుత్వోద్యోగపు టేండ్లని గుర్తుంచుకొనవలెను. సర్కారు ఆసుపత్రిలో మతబోధకు చోటులేదు. శస్త్రచికిత్సకు ముందు అందఱిని ప్రార్థనకు పిలుచుట సాధ్యముకాదు. అట్టిచోట విశ్వాసము మాటరూపమున గాక నడవడిరూపముననే కనబడవలెను: వేళకు వచ్చుట, పడకలన్నిటిని తానే చూచుట, క్రిందియుద్యోగుల యెడ పక్షపాతము లేకుండుట. క్రైస్తవస్త్రీల నాయకత్వమును మిషను ఆసుపత్రులలో మాత్రమే వెదకువారికి ఇట్టివారు కానరారు. మన జిల్లాలలో దాదులుగా, ఉపాధ్యాయినులుగా సర్కారుకొలువు చేసిన తెలుగు క్రైస్తవస్త్రీలు వేలకొలది. వారి చరిత్ర యింకను వ్రాయబడవలసియున్నది.

హిల్డా వచ్చుట వేలూరికి రెండువిధముల మార్పు. ఒకటి అందఱు చెప్పునది: అమెరికావారి చేతినుండి భారతీయురాలి చేతికి అధికారము వచ్చుట, అదియు స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరముననే. రెండవది అంతగా చెప్పబడనిది: ఆంటీ పాలించిన చోటికి, నిబంధనలలో నలిగిన యొక అధికారిణి వచ్చుట. విశ్వవిద్యాలయము, ప్రభుత్వము, పదులకొలది మిషనుసంఘములు, అమెరికాలోను ఇంగ్లండులోను గల పోషకసంఘములు, ఇందఱికి ఏకకాలమున లెక్కచెప్పవలసిన సంస్థకు కావలసినది వాత్సల్యముకంటె క్రమము. కళాశాలకు విశ్వవిద్యాలయపు స్థిరమైన గుర్తింపు 1950లో ఆమె కాలముననే వచ్చినది. 1949లో డాక్టరు జాకబ్ చాండీ నెలకొల్పిన నాడీశస్త్రచికిత్సా విభాగము దేశములో మొదటిది. పాల్ బ్రాండు కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సచేసి మరల పని నేర్పినదియు ఆ దినములలోనే. ఈ ఘనత ఆ వైద్యులది; వారికి చోటు, పడకలు, స్వేచ్ఛ కల్పించుట అధిపతి పని.

ఐడా అధికారము వదలిన తీరుకూడ చెప్పవలసియున్నది. స్థాపకులు పదవి వదలినను పెత్తనము వదలకుండుట మనదేశమున మఠములలో, పాఠశాలలలో, పత్రికలలో పలుమారు చూచినదే. ఐడా కొడైకెనాలు కొండమీది తన యింట నివాసమేర్పఱచుకొని, వేలూరికి వచ్చిపోవుచుండెను. వచ్చినపుడు ఆమెకు జరుగు గౌరవమునకు లోటులేదు. అధిపతి ఆసనమున మాత్రము హిల్డాయే కూర్చుండెను.

పీబాడీ 1949లో గతించినది. ఆమె భయపడినదానిలో కొంత జరిగినది. స్త్రీలకు స్థానములు కళాశాలలో నిలిచినవి, వారిసంఖ్య పెరిగినదికూడ. కాని 1954లో హిల్డా లాజరసు పదవి ముగించినపిమ్మట అధిపతిగా వచ్చినది పురుషుడే. హిల్డా విశాఖపట్టణమునకు మఱలినది. 1961లో ప్రభుత్వము ఆమెను పద్మశ్రీతో గౌరవించెను, 1978లో మరణించెను. ఐడా స్కడ్డరు అంతకుముందే, 1960 మే నెలలో, ఎనుబదితొమ్మిదవ యేట కొడైకెనాలున కన్నుమూసినది. ఆనాటికి ఆమె కళాశాలలో పురుషవిద్యార్థులు చేరి పదమూడేండ్లు.